బెర్న్‌కాస్టెల్-కూస్ (జర్మనీ, మోజెల్ లోయ): మందు ముట్టని అమ్మానాన్నలతో వెళ్ళొచ్చా?

నీలిమ_ఎఫ్

అందరికీ నమస్కారం. జూన్ రెండో వారంలో అమ్మా నాన్నా వస్తున్నారు. పెద్ద ఊళ్ళు, కోటలు, మ్యూజియాలు పోయినసారే తిప్పేశాం. ఈసారి ఒక చిన్న ఊరు, పక్కన నది, తొందర లేని ఓ వారాంతం, అంతే కావాలి. నాన్నకి నీళ్ళ పక్కన బెంచీ దొరికితే చాలు, భోజనానికి పిలిచినా లేవరు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరూ శాకాహారులు, మందు వాసన కూడా పడదు. మా ఆయన మాత్రం రీస్లింగ్ (అదే పేరున్న ద్రాక్షతో చేసే తెల్ల వైన్) అంటే చెవి కోసుకుంటాడు.

ఆఫీసులో ఒకావిడ మోజెల్ నది మీద బెర్న్‌కాస్టెల్-కూస్‌కి వెళ్ళమంది. ఫొటోల్లో అచ్చం బొమ్మరిల్లులా ఉంది. కానీ ఎక్కడ చదివినా వైన్ తప్ప వేరే మాట లేదు. తాగనివాళ్ళని అక్కడికి తీసుకెళ్తే మర్నాటికే "ఇంకేముందే ఇక్కడ" అంటారేమోనని నా భయం. మాకు కారు లేదు, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి రైలే గతి. పక్కనే ర్యూడెస్‌హైమ్ ఉండగా అంత దూరం ఎందుకని ఇంకో స్నేహితురాలి వాదన. చూసినవాళ్ళు చెప్పండి.

సైకిల్_సుబ్బు

నీలిమ గారూ, ర్యూడెస్‌హైమ్ ఒక పూటకి బాగుంటుంది. రోప్‌వే ఎక్కి, పైనుంచి రైన్ చూసి, సాయంత్రానికి ఇంటికి వచ్చేయొచ్చు. రాత్రి ఉండటానికి మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ ఊరికీ నదికీ మధ్య రైలు పట్టాలున్నాయి, రాత్రంతా గూడ్సు బళ్ళు పోతూనే ఉంటాయి. బెర్న్‌కాస్టెల్‌కి అసలు రైలే లేదు. ఒకప్పుడు ఉండేది, తీసేశారు. ఆ పట్టాల జాగాలోనే ఇప్పుడు సైకిల్ దారి వేశారు. ఐఫెల్ కొండల్లోని డౌన్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా 58 కిలోమీటర్లు, పాత రైలు వంతెనల మీదుగా, సొరంగాల గుండా. కింది వైపుకే వాలు కాబట్టి పెద్దగా తొక్కే పని కూడా ఉండదు. అది మీకు పనికొచ్చేది కాదులెండి, నా నోరు ఊరుకోక చెప్పాను.

మీ దారి ఇదీ: ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కోబ్లెంజ్, అక్కడ ట్రియర్ వెళ్ళే రైలెక్కి విట్లిఖ్ మెయిన్ స్టేషన్‌లో దిగాలి, స్టేషన్ బయటే బస్సు. కోబ్లెంజ్‌లో రైలెక్కాక ఎడమవైపు కిటికీ పట్టుకోండి. కోఖెమ్ దాకా నది ఆ పక్కనే ఉంటుంది. కోఖెమ్ దాటగానే 4.2 కిలోమీటర్ల సొరంగం. అక్కడ నది పెద్ద వంపు తిరిగి 20 కిలోమీటర్లకు పైగా చుట్టి వస్తుంది, రైలు కొండ కిందుగా దూరిపోతుంది. తర్వాత బుల్లయ్ దగ్గర రెండంతస్తుల ఇనుప వంతెన వస్తుంది, కింద రోడ్డు, పైన మనం. నాన్నగారికి ఈ ప్రయాణమే సగం యాత్ర.

ఒక్కపూట

అందరూ పొగిడేలోపు నా మాట కూడా వినండి. నేను వెళ్ళాను. కూడలి, ఆ సన్నటి ఇల్లు, ఫౌంటెన్, ఒక ఐస్‌క్రీం, అయిపోయింది. రెండు గంటల ఊరు. మిగతా టైమంతా టూరిస్టు బస్సుల్లోంచి దిగినవాళ్ళ భుజాలు తప్పించుకోవడమే. ప్రతి రెండో కొట్టూ వైనే, మూడోది ఫ్రిజ్ మాగ్నెట్లు. తాగని పెద్దవాళ్ళకి అక్కడ ఏం చూపిస్తారు? కోఖెమ్‌లో దిగిపోండి. రైలు ఊళ్ళోకే వెళ్తుంది, బస్సు గొడవ లేదు, నెత్తిన కోట ఉంది.

ట్రియర్_తులసి

> రెండు గంటల ఊరు

పదకొండింటికి వెళ్ళి ఒంటిగంటకి తిరిగొస్తే ఏ ఊరైనా రెండు గంటల ఊరే. ఏమీ అనుకోకండి, మీరు చూసింది ఊరిని కాదు, ఊరికొచ్చిన జనాన్ని.

నీలిమ గారూ, నేను ట్రియర్‌లో ఉంటాను. చుట్టాలొచ్చినా, మనసు బాగోకపోయినా నా కాళ్ళు అటే పోతాయి. నా ఒకే ఒక్క సలహా: రాత్రి అక్కడే ఉండండి, అదీ బెర్న్‌కాస్టెల్ వైపు కాదు, కూస్ వైపు. నదికి ఇరువైపులా ఉన్న రెండు ఊళ్ళని 1905లో కలిపి ఒక్కటి చేశారు. ఫొటోల్లో కనిపించే చెక్క చట్రాల ఇళ్ళు, 1416 నాటి ఆ సన్న ఇల్లు (కింద ఇరుకు, పైకి పోయేకొద్దీ వెడల్పు), 1606 నాటి ఫౌంటెన్, అన్నీ కుడిగట్టున బెర్న్‌కాస్టెల్‌లో ఉన్నాయి. కూస్ ఎడమగట్టున, చదునుగా ఉంటుంది. నది పక్కన పొడుగాటి నడకదారి, పచ్చిక, బెంచీలు. అమ్మగారి మోకాళ్ళకి పరీక్ష పెట్టేదేమీ లేదు. ఇంకో లాభం ఏమిటంటే కూస్‌లో కూర్చుంటే ఎదురుగా బెర్న్‌కాస్టెల్ మొత్తం కనిపిస్తుంది, ఇళ్ళూ, వెనకే నిట్టనిలువు ద్రాక్షతోటలూ, కొండ మీద లాండ్‌షుట్ కోటా. బెర్న్‌కాస్టెల్‌లో గది తీసుకుంటే ఎదురుగా కనిపించేది కూస్. డబ్బు పెట్టి గది తీసుకునేది దేన్ని చూడ్డానికో మీరే ఆలోచించుకోండి.

సాయంత్రం అయిదు దాటితే టూరిస్టు బస్సులు వెళ్ళిపోతాయి. జూన్‌లో తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది. అంటే ఊరు మీ చేతికి చిక్కేది అప్పుడే, నాలుగు గంటలకు పైగా.

ఇక "తాగనివాళ్ళకి ఏముంది" అన్నదానికి జవాబు కూడా కూస్‌లోనే ఉంది. వంతెన పక్కనే సెయింట్ నికోలస్ ఆస్పత్రి. ఆస్పత్రి అంటే ఇప్పటి అర్థంలో కాదు, వృద్ధాశ్రమం. ఆ ఊళ్ళో 1401లో పుట్టిన నికోలస్ కుసానుస్ అనే కార్డినల్ 1458లో స్థాపించాడు. ఏసు బతికిన ఏళ్ళ లెక్కన 33 మంది పేద వృద్ధులకి చోటు. అయిదున్నర శతాబ్దాలు దాటినా అది ఇంకా వృద్ధాశ్రమంగానే నడుస్తోంది. ఖర్చు ఎలా గడుస్తుందంటే, దానికి సొంత ద్రాక్షతోటలున్నాయి. కుసానుస్ మామూలు మతాధికారి కాదు. భూమి విశ్వానికి కేంద్రం కాదని కోపర్నికస్ కంటే వందేళ్ళ ముందే, 1440లో రాసినవాడు. ఒళ్ళు రోమ్‌లో పూడ్చారు, గుండెని మాత్రం ఆయన కోరిక మీద ఇక్కడికి తెచ్చి ప్రార్థనామందిరంలో పెట్టారు. ఆయన సేకరించిన చేతిరాత ప్రతులు మూడువందలకు పైగా ఆ గ్రంథాలయంలో ఉన్నాయి. దాన్ని గైడ్‌తో మాత్రమే చూపిస్తారు, ముందే అడిగి పెట్టుకోవాలి. మధ్యలో ఉన్న వసారాలో ఊరికే కూర్చోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మీ నాన్నగారిని అక్కడ వదిలేసి మీరు మర్చిపోయినా ఆయనేమీ అనుకోరు.

ఒక్కపూట

వృద్ధాశ్రమం సంగతి తెలియదు, అటు వెళ్ళనే లేదు. సరే, అర మార్కు మీకు. కోఖెమ్ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

పాతరాయి

కోఖెమ్ కోట గురించి ఒక్క ముక్క. పాత కోట 1689లో ఫ్రెంచి సైన్యం చేతిలో నేలమట్టమైంది. ఇప్పుడు కనిపించేది బెర్లిన్ వ్యాపారి రావెనే 1868 తర్వాత కొత్తగా కట్టించుకున్నది. అందంగానే ఉంటుంది, కాదనను. బెర్న్‌కాస్టెల్ పైనున్న లాండ్‌షుట్ 1692లో కాలిపోయింది, దాన్ని అలాగే వదిలేశారు. పైకప్పు లేని గోడలు, ఒక బురుజు, లోపల ఒక హోటలు. ఈమధ్య మరమ్మతుల్లో కింద రోమన్ల కాలం కోట పునాదులు బయటపడ్డాయి.

నడిచి ఎక్కడం మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళ పని కాదు, అరగంట నిట్టనిలువు. సీజన్‌లో కిందనుంచి చిన్న బస్సొకటి నడుస్తుంది, టైములు ఊళ్ళో టూరిస్టు ఆఫీసులో అడగండి. పైనుంచి చూస్తే నది ఎంత వంకరగా తిరుగుతోందో అప్పుడు అర్థమవుతుంది.

గాజుగ్లాసు

ఇంతసేపూ వైన్ మాటెత్తకుండా వైన్ ఊరి గురించి మాట్లాడుకుంటున్నారు, మెచ్చుకోవాలి. నా వంతు.

నీలిమ గారూ, మీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. అక్కడ చూడాల్సింది గ్లాసులోది కాదు, ఆ వాలు. తాగనివాళ్ళు కూడా తలెత్తి చూడాల్సింది అదే. మనిషి నిలబడటానికే కష్టమైన కొండకి రెండువేల ఏళ్ళుగా తీగలు పాతుతున్నారు. ఇంత ఉత్తరాన ద్రాక్ష పండటమే విడ్డూరం. పండుతోందంటే మూడు కారణాలు. దక్షిణానికి తిరిగిన వాలుకి ఎండ ఏటవాలుగా కాకుండా నేరుగా తగులుతుంది. నేలంతా నల్లటి పలకరాయి ముక్కలు, పగలు తాగిన వేడిని రాత్రి వదులుతాయి. కింద నది చలిని కాస్త కాచుకుంటుంది, వెలుతురుని పైకి కొడుతుంది. ఈ మూడిట్లో ఏది తగ్గినా రీస్లింగ్ పండదు. ఎందుకంటే అది ఆలస్యంగా పక్వానికొచ్చే రకం, అక్టోబరు దాకా చెట్టు మీదే ఉంటుంది.

మీరు వెళ్ళేది జూన్ కాబట్టి తీగలు పూతలో ఉంటాయి. చూస్తే పూలని కూడా అనిపించదు, ఆవగింజంత ఆకుపచ్చ పొడి. పూత నుంచి కోతకి దాదాపు వంద రోజులని అక్కడి రైతుల లెక్క. పాత తోటల్లో తీగలకి పందిరి తీగె ఉండదు. ఒక్కో మొక్కకి ఒక్కో కర్ర, రెండు కొమ్మల్ని చెరోవైపు వంచి కర్రకే కడతారు. ట్రాక్టరు వెళ్ళదు. ఒంటిపట్టా మీద మనిషీ సామానూ పాక్కుంటూ ఎక్కే చిన్న బండి ఉంటుంది, కదులుతుంటే చూపించండి. అన్నిటికంటే ఏటవాలు తోట నదికి కింది వైపు బ్రెమ్ అనే ఊరి దగ్గర కాల్మోంట్, 65 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ కష్టం పడలేక చాలామంది వదిలేశారు. తొంభైలలో మోజెల్ ప్రాంతంలో 12,000 హెక్టార్లకు పైగా ఉన్న తోటలు ఇప్పుడు 9,000 లోపే. కొండ మీద అక్కడక్కడ ముళ్ళపొదలు కమ్మిన ముక్కలు కనిపిస్తే, అది ఎవరో చేతులెత్తేసిన తోట అని అర్థం.

బెర్న్‌కాస్టెల్‌లో ఇళ్ళ వెనక గోడ దాటగానే మొదలయ్యే చిన్న ముక్క పేరు డాక్టర్. మూడు హెక్టార్ల చిల్లర. పద్నాలుగో శతాబ్దంలో ట్రియర్ ఆర్చ్‌బిషప్ బోయెమండ్ జబ్బుపడి లాండ్‌షుట్‌లో మంచం పట్టాడట. వైద్యుల వల్ల కానిది ఆ తోట వైన్ వల్ల అయ్యిందట. కథే అనుకోండి. 1900లో ఆ తోటలో కొంత చేతులు మారినప్పుడు ఒక్కో మొక్కకి 100 గోల్డ్‌మార్కులు పలికిందని చెప్తారు. మందు ముట్టనివాళ్ళు కూడా ఆ కథకి నవ్వుతారు.

మీ ఆయనకి: సీసా మీద "ట్రోకెన్" అని ఉంటే తీపి ఉండదు. "కాబినెట్" అని మాత్రమే ఉంటే సాధారణంగా కాస్త తీపి, ఆల్కహాల్ ఎనిమిది తొమ్మిది శాతం దగ్గర. మధ్యాహ్నానికి అదే మేలు.

చంద్రిక_కొలోన్

గాజుగ్లాసు గారి క్లాసు అయ్యింది కాబట్టి తిండి మాట. మాదీ శాకాహార కుటుంబమే.

ఫ్లామ్‌కూహెన్ (పిజ్జాలాంటి పలచటి రొట్టె) అన్నిచోట్లా దొరుకుతుంది. మామూలుగా పంది మాంసం ముక్కలు వేస్తారు, "ఓనె ష్పెక్" అని గట్టిగా చెప్పండి. మెనూలో కూరగాయలదో, మేక చీజ్‌దో వేరేగా ఉంటే అది ఇంకా నయం. ఉల్లిపాయ కేకులో కూడా అదే ముక్కలు దాక్కుని ఉంటాయి, ఉల్లి అనుకుని ఆర్డరిస్తే చిక్కే. చీజ్ వేసిన ష్పెట్స్‌లె (గుడ్డు కలిపి చేసే చిన్న నూడుల్స్), ఉడికించిన బంగాళాదుంపలతో క్వార్క్ (గట్టి పెరుగులాంటి మెత్తటి చీజ్), బంగాళాదుంప అట్లు, ఇవి మాంసం భయం లేనివి. జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ సీజన్. వెన్న సాస్‌తో అడగండి, పక్కన హామ్ వద్దని చెప్పండి. అమ్మానాన్న మొహాలు చూశాక మీరే చెప్తారు. మా అత్తగారికి అసలు నచ్చలేదు, మామగారు రెండోసారి తెప్పించుకున్నారు.

తాగడానికి ద్రాక్షరసం అడగండి. తోట ఉన్నవాళ్ళు చాలామంది సొంతంగా తీసి సీసాల్లో పోస్తారు. అంగట్లో దొరికే రసానికీ దీనికీ పోలికే లేదు. పులుపు తగిలి, గొంతులో ఆగుతుంది.

నీలిమ_ఎఫ్

అబ్బ, ఎంత సమాచారమో! తులసి గారూ, కూస్‌లోనే గది చూస్తున్నాను. గాజుగ్లాసు గారు రాసింది మా ఆయనకి చదివి వినిపిస్తే, "కాల్మోంట్ ఎక్కుదామా" అంటున్నాడు. ఆ మాట ఇక్కడితో ఆగిపోయింది.

ఇంకో మూడు సందేహాలు. రుచి చూడటానికి తోటవాళ్ళ ఇంటికి వెళ్తే నలుగురిలో ఒక్కడే తాగేవాడంటే ఏమైనా అనుకుంటారా? టికెట్లు ఏవి తీసుకోవాలి? ఆ కొత్త వంతెన గురించి చాలామంది తిట్టుకుంటూ రాశారు, అది ఊళ్ళోంచి కనిపిస్తుందా?

గాజుగ్లాసు

ఏమీ అనుకోరు. ముందురోజు ఫోన్ చేసి ఎంతమంది, ఎన్నింటికి, ఒక్కరే రుచి చూస్తారు, మిగతావాళ్ళకి రసం కావాలి అని చెప్పండి. చెప్పకుండా ఆదివారం మధ్యాహ్నం తలుపు కొడితేనే ఇబ్బంది. చిన్న తోటల్లో పోసేదీ అమ్మేదీ తోటలో పనిచేసేదీ ఒకే కుటుంబం. రుచికి డబ్బు తీసుకోకపోతే వచ్చేటప్పుడు ఒకటో రెండో సీసాలు కొనడం మర్యాద. ఉమ్మడానికి గిన్నె పెడతారు, ఉమ్మితే తప్పు పట్టరు.

అంతకంటే తీరిగ్గా కావాలంటే ష్ట్రౌస్‌విర్ట్‌షాఫ్ట్ చూసుకోండి. తోట ఉన్నవాళ్ళే తమ వాకిట్లోనో, కొట్టంలోనో బల్లలు వేసి సొంత వైనూ, నాలుగు రకాల సాదా తిండీ పెట్టే చోటు. చట్టప్రకారం ఏడాదికి నాలుగు నెలలే, 40 సీట్లు మించకూడదు. అందుకే హోటళ్ళ హడావిడి ఉండదు. అందరూ ఒకే నెలల్లో తెరవరు, ఆ వారం ఎవరిది తెరిచి ఉందో అక్కడికెళ్ళాకే తెలుస్తుంది. నగదు ఉంచుకోండి.

సైకిల్_సుబ్బు

టికెట్లు: మీ ఇద్దరికీ డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే (2026 జనవరి నుంచి నెలకి 63 యూరోలు) ప్రాంతీయ రైళ్ళూ ఆ బస్సూ అందులోనే వస్తాయి. అమ్మానాన్నలకి రైన్‌లాండ్-ఫాల్ట్స్ (మోజెల్ ఉన్న రాష్ట్రం) టికెట్ తీసుకోండి. ఒక్క రోజుది, ఒకే టికెట్ మీద అయిదుగురి దాకా వెళ్ళొచ్చు, మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ అడ్డంకి లేదు. అది ఫ్రాంక్‌ఫర్ట్‌లో చెల్లదు, మైన్స్ నుంచే. అక్కడిదాకా వేరే టికెట్ కావాలి. వేగంగా పోయే ఐసీఈ, ఐసీ బళ్ళలో ఈ రెండూ పనికిరావు.

పెద్దవాళ్ళతో ఒకవేళ సైకిళ్ళు అద్దెకి తీసుకుంటే కూస్ నుంచి వేలెన్ దాకా గట్టు వెంట చదునైన దారి, నాలుగు కిలోమీటర్లకు అటూ ఇటూ. నడిచి అయినా వెళ్ళొచ్చు. వేలెన్ చేరాక అవతలి గట్టు తోటలోకి చూడండి, బండ మీద పెద్ద ఎండ గడియారం కనిపిస్తుంది. 1842లో పెట్టారు, తోటలో పనిచేసేవాళ్ళకి టైము తెలియడానికి. మీ ఆయన సీసాల మీద చూసే ఉంటారు, తోట పేరు కూడా అదే. ఒక జాగ్రత్త, వైన్ తాగి సైకిల్ తొక్కితే పోలీసులు ఊరుకుంటారనుకోవద్దు. రక్తంలో ఆల్కహాల్ 1.6 ప్రోమిల్ (వెయ్యికి 1.6 వంతులు) దాటితే నేరుగా కేసు. ఊగుతూ తొక్కితే 0.3కే పట్టుకోవచ్చు.

పాతరాయి

> ఆ కొత్త వంతెన

హోహ్‌మోజెల్ వంతెన. 2019 నవంబరులో తెరిచారు. 1.7 కిలోమీటర్ల పొడవు, నదికి దాదాపు 160 మీటర్ల ఎత్తు. అది యూర్జిగ్, ట్సెల్టింగెన్ ఊళ్ళ మధ్య. మీరు బెర్న్‌కాస్టెల్‌లో కూర్చుంటే కనిపించదు, ఓడలో కింది వైపు ఊరు ట్రాబెన్‌కి వెళ్తే నెత్తి మీదుగా వస్తుంది.

నా వరకు అది లోయకి పట్టిన పీడ. పైన అడవి కొట్టి రోడ్డు వేస్తే కింది తోటలకి చేరే నీరు ఏమవుతుందని రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకున్నారు. ఎవరికి పట్టింది?

సైకిల్_సుబ్బు

పాతరాయి గారూ, హున్స్‌ర్యూక్ కొండ మీది పల్లెల్లో ఉండేవాళ్ళని కూడా అడగండి. లోయలోకి దిగి, ఇరుకు ఊళ్ళలో లారీల వెనక పడి, మళ్ళీ ఎక్కడానికి ఎంతసేపు పట్టేదో. చూడ్డానికొచ్చినవాళ్ళకి అందం, ఉండేవాళ్ళకి రోడ్డు.

పాతరాయి

ఉండేవాళ్ళలో రైతులు లేరా?

చంద్రిక_కొలోన్

నేను దాన్ని కింద నుంచి చూశాను. ఆ స్తంభాలు చూస్తే మాటలు రాలేదు, అది మెచ్చుకోలో కోపమో ఇప్పటికీ తేల్చుకోలేదు.

వేదిక_నిర్వాహకులు

వంతెన వాదనకి వేరే చర్చ తెరిచాం, అక్కడ కొనసాగించండి. ఇక్కడ నీలిమ గారి ప్రయాణం గురించే.

ఒక్కపూట

అమ్మగారి మోకాళ్ళ కోసం ఒక మాట, కోపం లేకుండా. బెర్న్‌కాస్టెల్ పాత వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవే. వాన పడితే జారతాయి. చక్రాల సూట్‌కేసు లాగితే వీధంతా లేస్తుంది. చెప్పులు కాదు, బూట్లు వేయించండి. ఇది మాత్రం రెండు గంటల్లోనే తెలుసుకున్నాను.

ట్రియర్_తులసి

ఇది నిజం, ఇక్కడ మీకు పూర్తి మార్కు.

నీలిమ గారూ, అందుకే పాత ఊరిని ముక్కలుగా చూడండి. సాయంత్రం ఒకసారి, ఉదయం ఎనిమిదింటికి ఒకసారి. ఉదయం కూడలిలో కొట్లవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. గ్రాఖ్ ద్వారం దాకా నడవండి. పాత కోటగోడ ద్వారాల్లో మిగిలింది అదొక్కటే. అక్కడి నుంచి తోట మొదలు, ఎక్కక్కర్లేదు, నిలబడి చూస్తే చాలు. ఇళ్ళ గోడల మీద వరద గుర్తులు కూడా వెతకండి, గీత గీసి పక్కన ఏడాది రాసి ఉంటారు. 1993 డిసెంబరు వరద ఎక్కడిదాకా వచ్చిందో చూసి నాన్నగారు తన ఎత్తుతో కొలుచుకుంటారు చూడండి, అందరూ అదే చేస్తారు.

నది ఇప్పుడు అంత నెమ్మదిగా ఎందుకుందో ఆయన అడిగితే: 1964 నాటికి పెద్ద ఓడల కోసం ఇక్కడి నదిని ఆనకట్టలతో మెట్లుగా చేశారు. ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా పది లాకులు (ఆనకట్ట దగ్గర ఓడల్ని ఎత్తి దించే నీటి గదులు). మనం చూసేది వరసగా పేర్చిన పది చెరువులని కూడా అనొచ్చు. వరదొస్తే మాత్రం ఆ ఆనకట్టలు ఆపలేవు, గట్టున ఉన్న పార్కింగులన్నీ మునుగుతాయి. జూన్‌లో ఆ భయం లేదు.

ఇంకొకటి, అడగలేదు గానీ చెప్తాను. ఈసారి కాకపోయినా ఎప్పుడైనా సెప్టెంబరు మొదట్లో వెళ్ళాలనుకుంటే మధ్య మోజెల్ వైన్ పండుగ అప్పుడే. బాణాసంచా, ఊరేగింపు, గట్టున కాలు పెట్టే చోటుండదు, గదులు నెలల ముందే అయిపోతాయి. అమ్మానాన్నలతో వద్దు. జనవరి, ఫిబ్రవరిల్లో అయితే సగం హోటళ్ళు మూసే ఉంటాయి.

గాజుగ్లాసు

తులసి గారూ, ట్రియర్‌లో ఉంటూ మీ ఊరి సొమ్ము గురించి చెప్పలేదేం? మోజెల్ మీద వైన్ ఎంత పాతదో చూపించే రాయి మీ మ్యూజియంలోనే ఉంది కదా. పీపాలు నింపుకుని, తెడ్లు వేసుకుంటూ పోతున్న రోమన్ ఓడ శిల్పం, దాదాపు 220 నాటిది. దొరికింది నోయ్‌మాగెన్‌లో, బెర్న్‌కాస్టెల్‌కి పై వైపు. ఆ ఊళ్ళో దాని నకలు పెట్టారు. పీస్‌పోర్ట్ దగ్గర రోమన్ల ద్రాక్ష గానుగ కూడా 1985లో తవ్వకాల్లో బయటపడింది.

ట్రియర్_తులసి

మావాళ్ళని పొగుడుకుంటే బాగోదని ఊరుకున్నాను. ఆ శిల్పంలో ఒకడు నవ్వుతూ ఉంటాడు, వాడికోసమైనా ఓసారి రండి. ఈ వారాంతంలో మాత్రం ఇరికించొద్దు నీలిమ గారూ, ట్రియర్‌కి వేరే రోజు కావాలి.

నీలిమ_ఎఫ్

సరే, ప్రణాళిక ఇదీ. శుక్రవారం మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి కూస్. శనివారం ఉదయాన్నే పాత ఊరు, ఎండెక్కాక కుసానుస్ ఆస్పత్రి, మధ్యాహ్నం మా ఆయన రుచి చూడ్డానికి పోతాడు, మేం ముగ్గురం బెంచీ మీద. సాయంత్రం చిన్న బస్సులో కోట. ఆదివారం వేలెన్ దాకా నడక, తర్వాత తిరుగు ప్రయాణం. ఒక్కటే బెంగ, ఆదివారం విట్లిఖ్ బస్సు. యాప్‌లో చూస్తే బస్సుల మధ్య చాలా ఖాళీ కనిపిస్తోంది. తప్పిపోతే పెద్దవాళ్ళతో స్టాపులో నిలబడాలి. టాక్సీ తప్ప ఇంకో దారి ఉందా?

సైకిల్_సుబ్బు

ఉంది, పైగా అదే మంచి దారి. ఆదివారం బస్సు మానేయండి. బెర్న్‌కాస్టెల్ గట్టు నుంచి ఓడలో ట్రాబెన్-ట్రార్బాఖ్ వెళ్ళండి, దాదాపు రెండు గంటలు, మధ్యలో ట్సెల్టింగెన్ లాకులో ఓడని కిందికి దింపుతారు. నాన్నగారికి ఇంకేం కావాలి. ట్రాబెన్ నుంచి చిన్న రైలు బుల్లయ్ దాకా ఉంది, బుల్లయ్‌లో కోబ్లెంజ్ రైలు. విట్లిఖ్ మొహం చూడక్కర్లేదు. ట్రాబెన్‌లో టైముంటే వంతెన చివర ఉన్న ద్వారం చూడండి, 1899లో బ్రూనో మోరింగ్ కట్టింది. ఒకప్పుడు ఫ్రాన్స్‌లోని బోర్డో తర్వాత యూరప్‌లో ఎక్కువ వైన్ అమ్మిన ఊరు అదేనంటారు, ఆ డబ్బంతా ఇళ్ళ గోడల మీద కనిపిస్తుంది.

స్టేషన్ ట్రాబెన్ వైపు గట్టునే ఉంది, ట్రార్బాఖ్ వైపు కాదు.

నీలిమ_ఎఫ్

అయితే వేలెన్ నడక శనివారం పొద్దుటికి జరిపి, కోట వదిలేస్తాం. ఓడలో సూట్‌కేసులు ఎక్కించనిస్తారా?

ట్రియర్_తులసి

ఎక్కించనిస్తారు, కానీ రేవుకి దిగే మెట్లూ ర్యాంపూ మీరే మొయ్యాలి. కూస్‌లో గది ఉంటే వంతెన దాటి రావాలి కాబట్టి అరగంట ముందు బయల్దేరండి. కోట వదలొద్దు. శనివారం సాయంత్రం చివరి బస్సు ఎన్నింటికో శుక్రవారమే అడిగి పెట్టుకోండి.